ఒక న్యూటన్‌కు తక్కువైన బడి

పొట్నూరు గౌరీపతి మాస్టారు నలభయ్యారు కిలోల మనిషి. పెళ్లిచూపుల నాడు అత్తవారు ఒకసారి పెదవి విరిచారన్న మాటే గాని, ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మనిషి బక్కవాడైనా గొంతు గట్టిది. గెడ్డవలస బడిలో ఆయన ఎక్కం చెప్పిస్తుంటే చేలో కలుపు తీసే ఆడవాళ్లు కూడా అందుకునేవారు. అటువంటి మనిషి బరువు ఒకనాడు ఫైలెక్కి, మీటింగుకెక్కి, చివరికి ఊరి బడి మెడకు చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు?

ఆ బడిలో ఐదు తరగతులు, ఒక గది, పందొమ్మిది మంది పిల్లలు, ఒక గౌరీపతి. ఊరి ముందు గెడ్డ ఉంది. ఎండాకాలంలో అందులో చీలమండ మునిగేటన్ని నీళ్లు కూడా ఉండవు. మేకలు దిగి, నిరాశపడి, ఎక్కి వెళ్లిపోతుంటాయి. జూలై వచ్చిందంటే మాత్రం, కొండల మీద వాన పడిన గంటలో ఎర్రనీళ్లు దిగి ఎడ్లబండిని కూడా లాక్కుపోతాయి. వంతెన లేదు. అవతలి ఒడ్డున పెదపాలెం, అక్కడ పెద్ద బడి. గెడ్డవలసకు విడిగా బడి ఎందుకయ్యా అంటే గెడ్డ ఉంది గనక. ఇంతే సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు, జూలైలో ఒకసారి వచ్చి చూస్తే చాలు. డిగ్రీలున్నవాళ్లు జూలైలో రారు.

ఫిబ్రవరి నెలలో పైనుంచి, అంటే పైవాళ్లకు కూడా పైనున్నవాళ్ల దగ్గర్నుంచి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాల ఉత్తరం ఒకటి దిగింది. సైన్సు వారోత్సవాల సందర్భంగా ప్రతి బడిలోనూ ఏవైనా రెండు వస్తువుల మధ్య ఉండే గురుత్వాకర్షణ బలాన్ని పిల్లల చేత లెక్క కట్టించమని దాని సారాంశం. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక సూత్రం, అరగంట పని. రెండిటి బరువులూ గుణించి, మధ్య దూరాన్ని దానితోనే గుణించి భాగించి, దాన్ని జి అనే ఒక చిన్న స్థిరాంకంతో హెచ్చిస్తే సరిపోతుంది. ఆ ఉత్తరం రాసినవాడెవడో పిల్లలకు నిజంగానే నాలుగు ముక్కలు వస్తే బాగుండునని ఆశపడ్డ అమాయకుడు. అతనికి పాపం తగలదు.

ఉత్తరం తిన్నగా బడికి వచ్చి ఉంటే గౌరీపతి మాస్టారికి పండగే. ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదివి, ఒకటో తరగతికి అఆలు దిద్దిస్తున్న మనిషాయన. కాని మధ్యలో పాఠశాలల హేతుబద్ధీకరణ విభాగమని ఒకటి ఉంది. పిల్లలు తక్కువగా ఉన్న బడిని మూసి పక్క బడిలో కలపడం ఆ విభాగం పని. మూసివేత అంటే జనం తిడతారని, నోరు తిరగని పేరొకటి పెట్టుకున్నారు. జనం తిట్టాలన్నా ముందు ఆ పేరు పలకాలి గదా!

ఆ విభాగంలో ఇంగ్లీషు ఉత్తరాలను తెనిగించే బాధ్యత సూపరింటెండెంటు పరబ్రహ్మం గారిది. ఆయన భాషా ప్రవీణ. నిఘంటువు చూసి 'గురుత్వాకర్షణ' అని సరిగ్గానే రాశారు. అక్కడ ఆగితే ఏ గొడవా లేకపోను. పండితుడు గనక, రాసిన మాటను విడదీయకుండా ఉండలేకపోయారు. ఫైలు పట్టుకుని సంయుక్త సంచాలకులు విరించి గారి గదిలోకి వెళ్లారు.

"గురుత్వ ప్లస్ ఆకర్షణ, గురుత్వాకర్షణ. సవర్ణదీర్ఘ సంధి సార్. గురువు యొక్క భావము గురుత్వము. గురుత్వము యొక్క ఆకర్షణ, షష్ఠీ తత్పురుష సమాసము. అనగా గురువు తన శిష్యులను తనవైపు లాగుకొను శక్తి. దానిని లెక్కించి పంపమని పైవారి ఆదేశము."

విరించి గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కుర్చీలోంచి లేవడం ఆగస్టు పదిహేనుకూ జనవరి ఇరవయ్యారుకూ తప్ప జరగదు.

"మూడేళ్లుగా వెతుకుతున్నానయ్యా పరబ్రహ్మం, బడిని కలపడానికి ఒక శాస్త్రీయ ప్రాతిపదిక కోసం! పిల్లలు తక్కువంటే ఊరివాళ్లు ధర్నా చేస్తారు. న్యూటన్ తక్కువంటే ఎవడేం చేస్తాడు? సరే, రెండు వస్తువులన్నారు. ఏమిటవి?"

"ఒకటి ఉపాధ్యాయుడు, రెండు విద్యార్థి సార్."

"మనుషుల్ని వస్తువులనడం బాగుంటుందా?"

"మన విభాగంలో మొదటినుంచీ అలాగే చూస్తున్నాము గదా సార్" అన్నారు పరబ్రహ్మం గారు వినయంగా.

వారంలో ఉత్తర్వు తయారైంది. ప్రతి ఉపాధ్యాయుని బరువు, విద్యార్థుల మొత్తం బరువు, మధ్య దూరం నమోదు చేసి, సదరు ఉపాధ్యాయుని గురుత్వాకర్షణ బలమును పోర్టల్ నందు పొందుపరచవలెను. కనీసం ఒక న్యూటన్ లేని పాఠశాలలు సమీపమున గల, అధిక గురుత్వము కలిగిన పాఠశాల యందు విలీనము చేయబడును. ఒక న్యూటనే ఎందుకని అడిగినవాడు లేడు. సగం పెడితే పిసినారితనం, రెండు పెడితే అత్యాశ, ఒకటైతే ముచ్చటగా ఉంటుందని విరించి గారి అభిప్రాయం.

ఉత్తర్వు గౌరీపతి మాస్టారి ఫోన్లోకి ప్రార్థన వేళ వచ్చింది. చదివి పకపకా నవ్వారు. వరసలో ముందు నిలబడ్డ మూడో తరగతి దమయంతి, "ఎందుకు నవ్వుతన్నారు సార్?" అంది. ఆ పిల్లకు ప్రతిదీ కావాలి. ఆకాశం ఎందుకు పడిపోదని ఒకసారి అడిగింది, మేక ఎందుకు లెక్కలు చెయ్యదని ఇంకోసారి. తల్లీ తండ్రీ బెజవాడలో ఇళ్లు కట్టే పనికి పోతుంటారు. ఊళ్లో బడి ఉంది గనక పిల్లను నాయనమ్మ పారమ్మ దగ్గర ఉంచారు.

ఎందుకు నవ్వుతున్నారో చెప్పబోయి మాస్టారు ఆఖరి వాక్యం చదివారు. నవ్వు అక్కడే ఆగిపోయింది. విలీనమంటే పెదపాలెం. పెదపాలెమంటే గెడ్డ దాటాలి. జూలై నుంచి అక్టోబరు దాకా ఈ పందొమ్మిది మందిలో ఒక్కరు కూడా బడి మొహం చూడరు. నాలుగు నెలలు మానేసిన పిల్లలు ఐదో నెల మళ్లీ బడికి వస్తారా? మేకల వెనకాల పోతారు, లేదా అమ్మానాన్నల వెనకాల పోతారు. 

మర్నాడు రేషను డిపో కాటా తెప్పించి బడి ముందు పెట్టారు. పిల్లలు తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినట్టు ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. దమయంతి ఊపిరి బిగబట్టి, బుగ్గలు పూరించి పద్దెనిమిది చేద్దామని చూసింది. కాటా పదిహేడు దగ్గరే మొండికేసింది. గట్టు మీద నిలబడి చూస్తున్న పారమ్మకు అనుమానం వచ్చింది.

"ఇదేటి మేస్టారూ! గుంటల్ని బియ్యం బస్తాల్లాగ తూస్తన్నారు? అమ్మీస్తారేటి?"

"లేదమ్మా, లెక్క కావాలట."

"ఏటి లెక్క?"

"నేను పిల్లల్ని ఎంత లాగుతున్నానో లెక్క."

"మీరు లాగడవేటి? తెల్లారకముందే నా పేణం తోడీసి బడికి పరిగెడతాది మా గుంట. అది రాసీండి" అంది పారమ్మ.

రాయడానికి గడి లేదు. పందొమ్మిది మందీ కలిసి మూడువందల ఎనభై కిలోలు. మాస్టారు నలభయ్యారు. మధ్య దూరం మీటరు. నల్లబల్ల మీద లెక్క కడితే దశాంశ బిందువు తర్వాత ఐదు సున్నాలు, ఆ తర్వాత పన్నెండు. ఒక న్యూటన్ అంటే ఒక చిన్న జామకాయ బరువు. మాస్టారికీ బడికీ మధ్య ఉన్న ఆకర్షణ ఆ జామకాయలో పదిలక్షల వంతు, ఆ పైన పిసరు. లోకంలో ఏ పంతులు లెక్క కట్టినా ఇంచుమించు ఇదే వస్తుంది. ఇది సృష్టి చేసిన పని, దానికి మెమో ఇవ్వడం కుదరదు. లెక్క కాగితం విభాగానికి పంపి, ఆ మాట పెద్దలకు చెబుతానని మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మండల కేంద్రంలో శిక్షణ సమావేశానికి బయల్దేరారు.

హాలు వెనక గోడకు 'గురుత్వమే దైవత్వం' అని బేనరు కట్టారు. విరించి గారు మైకు ముందు గంటన్నర మాట్లాడారు. నేటి ఉపాధ్యాయుల్లో ఆకర్షణ సన్నగిల్లుతోందని బాధపడ్డారు. ప్రాచీన గురుకులాల్లో న్యూటన్లు ఎలా పొంగిపొర్లేవో వివరించారు. చివర్లో సందేహాలున్నాయా అని అడిగారు. ఇలా అడగడం ఆనవాయితీ, నిజంగా లేచి అడగడం అపచారం. గౌరీపతి లేచారు.

"సార్, గురుత్వం అంటే బరువండి. గురువుకీ దీనికీ సంబంధం లేదు. ఏ రెండు వస్తువులున్నా వాటి మధ్య ఈ ఆకర్షణ ఉంటుంది. ఈ బల్లకీ ఆ కుర్చీకీ కూడా ఉందండి."

"బల్లలు, కుర్చీల మంజూరు వేరే విభాగం. వాటి గురించి ఇక్కడ చర్చ వద్దు."

"అదికాదు సార్, మా పిల్లలతో ఒక న్యూటన్ రావాలంటే పంతులు ఎంత బరువుండాలో లెక్క వేశానండి. నలభై వేల టన్నులు వచ్చింది. అంటే విశాఖ రేవులో పెద్ద ఓడంత."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. విరించి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"లక్ష్యం ఉన్నతంగా ఉండాలి మాస్టారూ. మొదట్లోనే సాధ్యం కాదనుకుంటే సమాజం ముందుకెలా పోతుంది? ఇంతకీ మీ బరువెంత?"

"నలభయ్యారండి."

"అదీ సంగతి" అన్నారు విరించి గారు హాలు వైపు తిరిగి. హాలంతా నవ్వింది. ఆ నవ్వు అయ్యేదాకా గౌరీపతి నిలబడే ఉన్నారు. పరబ్రహ్మం గారు మాత్రం శాస్త్రం మీద గౌరవం ఉన్నవాడు గనక ఒక ప్రశ్న వేశారు.

"సూత్రములో జి అని ఒక అక్షరమున్నది. ఇది ఏ జి.ఓ. ద్వారా మంజూరైనది?"

"అది ప్రకృతి నియమం సార్. స్థిరాంకం. ఎవరూ మార్చలేరు."

"తాత్కాలికముగా అనుమతించవచ్చును" అని రాసుకున్నారు పరబ్రహ్మం గారు.

ఆ మర్నాటి నుంచి ఆ మండలంలో జరిగింది చూస్తే సిగ్గుకే సిగ్గేస్తుంది. సూత్రంలో బరువు పైన ఉంది, దూరం కింద ఉంది. కాబట్టి బరువు పెంచాలి, దూరం తగ్గించాలి. ఉపాధ్యాయులు మధ్యాహ్నం గడ్డపెరుగు, అరటిపళ్లు, సాయంత్రం పునుగులు మొదలుపెట్టారు. తూకం కమిటీ వచ్చే రోజున ఒకాయన లోపల రెండు పాంట్లు తొడుక్కుని, జేబుల్లో గులకరాళ్లు పోసుకుని కాటా ఎక్కాడు. దిగేటప్పుడు ఒక రాయి జారి కమిటీ సభ్యుడి కాలి మీద పడింది. రాయి కూడా ఆకర్షణకు లోబడిందని సరిపెట్టారు. ఇంకొక బడిలో దూరం తగ్గించడానికి నలభై మంది పిల్లలను పంతులుగారి కుర్చీకి ఆనించి కూర్చోబెట్టారు. ఆయనకు ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. దూరం సున్నా అని వేస్తే ఆకర్షణ అనంతమవుతుందని ఎవరో కనిపెట్టారు గాని, పోర్టల్ ఆ సున్నాను మింగలేక మూడు రోజులు పడుకుంది. పోషకాహార శిక్షణ పేరుతో 'బరువు - బాధ్యత' అని రెండు రోజుల కార్యక్రమం పెట్టారు. దానికి గౌరీపతిని తప్పనిసరి అభ్యర్థిగా పిలిచి, మిగతావాళ్లకు రెండేసి, ఆయనకు నాలుగు లడ్డూలు వడ్డించారు. ఆయన తిన్నారు. పిల్లల కోసం తిన్నారు. ఆయన ఒళ్లు లడ్డూలకు లొంగే రకం కాదు. మళ్లీ కాటా ఎక్కితే నలభయ్యారు.

ఈ ఉత్సవానికంతా పెళ్లికొడుకు పెదపాలెం హెడ్మాస్టరు భూషణరావు గారు. నూట పద్దెనిమిది కిలోలు. నిన్నటిదాకా డాక్టరు తగ్గమంటున్న మనిషిని నేడు విభాగం శాలువా కప్పి ఫోటో తీసింది. నిజానికి ఆయన మంచివాడే. ఆశకు పోయే మనిషి కాడు, కాకపోతే ఆలోచనకూ పోడు. ఒకనాడు సంతలో కలిసి గౌరీపతి చెవిలో చెప్పాడు.

"మేస్టారూ, ఆ జి విలువలో పది మీద మైనస్ పదకొండని ఉంది చూడండి, పోర్టల్లో ఆ మైనస్ గుర్తు పడటం లేదు. నేను మైనస్ వదిలేసి కొట్టీసేను. పదిహేను పక్కన పదహారు సున్నాలొచ్చేయి! మీరూ ఒగ్గీండి. ఒక్క గీతే కదా."

"అంత ఆకర్షణ మీకుంటే కొండలూ సముద్రమూ వచ్చి మీకు అంటుకుపోవాలండి!"

"అదీ నిజమే. మరి అంటుకోలేదు గనక మనకేం ఇబ్బంది లేదు" అన్నాడు భూషణరావు.

గౌరీపతి ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మైనస్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఆయన గెడ్డలోకి దిగే మెట్లు వాడుకునేవారు. ఒడ్డు సున్నా, కిందికి దిగిన ప్రతి మెట్టూ మైనస్. దమయంతి ఒకసారి, "అయితే మైనస్ ఎక్కువైతే ములిగిపోతాం కదా సార్" అంది. ఆ గీతను ఇప్పుడు తన చేత్తో చెరపాలి. చెరపకపోతే బడి పోతుంది. ఇరవై రెండేళ్లుగా అబద్ధం లెక్క ఒక్కటి రాయని మనిషి, మూడో రోజు పొద్దున్న పోర్టల్ తెరిచి, ఆ గీత వదిలేశారు. పన్నెండు పక్కన పదిహేను సున్నాలు వచ్చాయి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా పంపారు.

పది రోజులకు విభాగం నుంచి మెమో వచ్చింది.

'నలభై ఆరు కిలోల వ్యక్తికి ఇంతటి ఆకర్షణ ఉండుట ప్రత్యక్ష ప్రమాణమునకు విరుద్ధము. సదరు ఉపాధ్యాయుడు అంకెలను తారుమారు చేసినట్లు స్పష్టమగుచున్నది. పెదపాలెం ప్రధానోపాధ్యాయుని విషయమున అట్టి సందేహమునకు తావు లేదు. వారిని చూచినంతనే గురుత్వము తెలియుచున్నది. కావున గెడ్డవలస ఉపాధ్యాయుడు మొదట చేసిన లెక్కనే ప్రామాణికముగా స్వీకరించి, ఒక న్యూటన్‌కు తక్కువైనందున సదరు పాఠశాలను పెదపాలెం పాఠశాల యందు విలీనము చేయుటకు నిర్ణయించడమైనది.'

అంటే నిజం రాసినందుకు బడి పోయింది, అబద్ధం రాసినందుకు పరువు పోయింది. ఒకే కాగితం మీద రెండూ పోగొట్టగలిగిన విభాగాన్ని మెచ్చుకోవాలి. ఊళ్లో పెద్దలు వేలిముద్రలు, సంతకాలు పెట్టి అర్జీ పంపితే, విరించి గారు పరబ్రహ్మం గారిని వెంటబెట్టుకుని స్వయంగా పరిశీలనకు వచ్చారు. మే నెలలో వచ్చారు.

జీపు అవతలి ఒడ్డున ఆపించి, గెడ్డలో నడిచి ఇవతలికి వచ్చారు. ఒడ్డెక్కి, బూట్లు ఎత్తి చూసుకున్నారు.

"ఇదేనా మీరు రాసిన గెడ్డ? నా బూటు అడుగైనా తడవలేదు."

"సార్, జూలైలో..." అన్నారు గౌరీపతి.

"పరిశీలన తేదీ నాటి స్థితిగతులే పరిగణనలోకి తీసుకుంటాం. అయినా మాస్టారూ, మీరు ఫిజిక్సు చదివారు గదా. గురుత్వాకర్షణకు నీళ్లు అడ్డమా?"

"కాదండి. కాని పిల్లలకు అడ్డమండి."

"సూత్రంలో బరువు ఉంది, దూరం ఉంది. గెడ్డ ఎక్కడుంది చూపించండి. పైగా ఆకర్షణ సరళరేఖలో పనిచేస్తుంది. కాకి మార్గాన కొలిస్తే పెదపాలెం ఇక్కడికి కిలోమీటరు లోపే."

అరుగు మీద కూర్చున్న పారమ్మ ఇంక ఊరుకోలేకపోయింది.

"కాకులకైతే మీరు సెప్పింది నిజిమే బావూ. కాకులు సదుంతాయేటి? మా గుంటలకి రెక్కల్లేవు. నాను పుట్టి డెబ్బయ్యేళ్లు, ఈ గెడ్డ ఎంతమందిని తినీసిందో నానెరుగుదును. మీ లెక్కలో గెడ్డ లేదంటే, లెక్క తప్పు గాని గెడ్డ తప్పేటి?"

విరించి గారు పరబ్రహ్మం గారి వైపు తిరిగి, "స్థానికుల మనోభావాలు నమోదు చెయ్యండి" అన్నారు. పరబ్రహ్మం గారు 'మనోభావములు అనుకూలముగా ఉన్నవి' అని నమోదు చేశారు.

జూన్‌లో గెడ్డవలస బడికి తాళం పడింది. కాటా డిపోకు తిరిగి వెళ్లింది. గౌరీపతిని పెదపాలెం బడిలో భూషణరావు గారి కింద వేశారు. ఆయన ఆ ఊళ్లోనే గది అద్దెకు తీసుకున్నారు. మొదటి మూడు వారాలు పొద్దున్నే గెడ్డవలస వెళ్లి పిల్లలను వెంటబెట్టుకుని తెచ్చేవారు, సాయంత్రం దిగబెట్టేవారు. పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని, చిన్నవాళ్లను భుజాన వేసుకుని దాటించేవారు. జూలై రెండో తేదీన కొండల మీద మబ్బు పట్టింది. మధ్యాహ్నానికల్లా గెడ్డ తన పని మొదలుపెట్టింది.

జూలై తొమ్మిదిన పెదపాలెం బడిలో సభ. రాష్ట్రంలోకెల్లా అత్యధిక గురుత్వాకర్షణ సాధించినందుకు భూషణరావు గారికి సన్మానం. రెండు కుర్చీలు కలిపి వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. విరించి గారు 'గురుత్వ భూషణ' బిరుదు చదివి, చప్పట్లు అయ్యాక, "విలీనమైన గెడ్డవలస చిన్నారుల చేత ఒక పాట పాడిద్దాం" అన్నారు. భూషణరావు గారు దండలోంచి తల పైకెత్తి బిక్కమొహం వేశారు.

"వాళ్లు రావడం లేదు సార్. వారం అయింది."

"రావడం లేదా? పదిహేను పక్కన పదహారు సున్నాలున్నాయే! ఇంత లాగుడు ఉండగా ఎలా రాకుండా ఉంటారు? ఆ గౌరీపతి ఏడి?"

గౌరీపతి సభలో లేరు. రోజూ ఆ వేళకు గెడ్డ ఒడ్డున ఉంటారని ఎవరో చెప్పారు. విరించి గారు కోపంతో, పరబ్రహ్మం గారు గొడుగుతో, భూషణరావు గారు శాలువాతో గెడ్డ దగ్గరికి వెళ్లారు.

గెడ్డ ఆ ఒడ్డునూ ఈ ఒడ్డునూ రాసుకుంటూ ఎర్రగా పోతోంది. ఒక చెట్టు మొదలు వేళ్లతో సహా కొట్టుకొచ్చి, వాళ్ల కళ్ల ముందే మలుపు తిరిగి వెళ్లిపోయింది. అవతల ఒడ్డున గోనెపట్టాలు కప్పుకుని పిల్లలు వరసగా కూర్చున్నారు. వాళ్ల వెనకాల పారమ్మ నిలబడి ఉంది. ఇవతల గౌరీపతి మాస్టారు హాజరుపట్టీ తడవకుండా గుండెకు ఆనించుకుని, ఆ నీళ్ల హోరు మీంచి పేర్లు పిలుస్తున్నారు. ఆయన గొంతు అవతలికి చేరుతోంది. "ఉన్నాను సార్!" అన్న కేక తిరిగి ఇవతలికి వస్తోంది. హాజరయ్యాక ఎక్కం, ఎక్కం అయ్యాక పద్యం. వారం నుంచీ బడి అలాగే నడుస్తోంది.

విరించి గారు ఆ నీళ్ల వంక కాసేపు చూశారు. ఈసారి బూట్లు ఎత్తి చూసుకోలేదు.

"ఏమిటిది మాస్టారూ? పిల్లలు ఎందుకు దాటి రావడం లేదు? ఆకర్షణ లేదా?"

"ఆకర్షణ ఉంది సార్. చూస్తున్నారు గదా, వానలో కూడా వచ్చి కూర్చున్నారు. వంతెనే లేదు."

"వంతెన సూత్రంలో లేదు" అన్నారు విరించి గారు గాని, ఆ మాట ఆయనకే సరిగ్గా వినబడలేదు. నీళ్ల చప్పుడు అలా ఉంది. కాస్త తమాయించుకుని, అధికారి గనక లెక్కలోకి దిగారు. "పందొమ్మిది మందీ ఉన్నారా?"

గౌరీపతి పట్టీలో మిగిలిన ఆఖరి పేరు పిలిచారు.

"దమయంతీ!"

అవతలి నుంచి కేక రాలేదు. మళ్లీ పిలిచారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పారమ్మ నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచింది.

"లేదు మేస్టారూ! నిన్న కొండ దారమ్మట తీసికెళిపోనారు! బడి లేనప్పుడు ఈడుంచి ఏటి సేస్తాం, ఇసకైనా మోస్తాదని బెజవాడ అట్టుకుపోనారు! ఏడిసింది మేస్టారూ, పలక కూడా అట్టుకెళ్లింది!"

గౌరీపతి పట్టీ మూసి మళ్లీ తెరిచారు. అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. వాన వల్ల కాదు.

విరించి గారు పరబ్రహ్మం గారిని పక్కకు పిలిచారు. "ఒక విద్యార్థి తగ్గితే మన గణాంకాలకు ఏమన్నా దెబ్బా? ఆ పిల్ల బరువెంత మాస్టారూ?"

"పదిహేడు కిలోలండి. పద్దెనిమిది చేద్దామని చూసింది."

పరబ్రహ్మం గారు గొడుగు మెడకింద నొక్కిపెట్టి, ఫోన్లో లెక్క కట్టారు. ఈసారి మైనస్ వదల్లేదు. నష్టాల లెక్కలో దాన్ని వదలడం విభాగానికి అలవాటు లేదు.

"దశాంశ బిందువు తరువాత ఏడు సున్నాలు, పిమ్మట ఐదు. సున్నాగా పరిగణించవచ్చును సార్."

"అయితే నష్టం లేదు" అన్నారు విరించి గారు. ఆయన మొహం తేటపడింది. "రాసుకోండి. విలీనము వలన ఎట్టి నష్టమూ వాటిల్లలేదు."

ముగ్గురూ సభకు తిరిగి వెళ్లిపోయారు. భూషణరావు గారు మాత్రం నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశారు. శాలువా తీసి చంకలో పెట్టుకుని, తలవంచుకుని నడిచారు.

అవతలి ఒడ్డు నుంచి పారమ్మ మళ్లీ కేకేసింది. "ఏటంతన్నారు మేస్టారూ ఆ బాబులు? మా గుంట కోసమేనా? ఏటి తేల్చినారు?"

గౌరీపతి మాస్టారు పట్టీని గుండెకు ఆనించుకుని, నీళ్ల అంచుదాకా వెళ్లి అరిచారు. 

"ఏమీ లేదన్నారమ్మా!"

తర్వాత పట్టీలో దమయంతి పేరుకు ఎదురుగా హాజరు, గైర్హాజరు గుర్తేదీ వెయ్యకుండా గడి ఖాళీగా ఉంచి, మిగిలిన పద్దెనిమిది మందికీ పదిహేడో ఎక్కం మొదలుపెట్టారు.